రచనలో పీజీ కోసం అప్పు చేసి అమెరికా వెళ్లవచ్చునా? విశాఖ నుంచి ఒక సందేహం

పెదవాల్తేరు (మార్చి 22, రాత్రి 9:40)

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికను మూడేళ్లుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ఆరేళ్లుగా పరవాడ ఫార్మా సిటీలోని ఒక సంస్థలో డాక్యుమెంటేషన్ విభాగంలో పని చేస్తున్నాను. పగలంతా ఇంగ్లీషులో నివేదికలు రాస్తాను; తెల్లవారుజామున, కంపెనీ బస్సు వచ్చేలోపు, తెలుగులో కథలు రాసుకుంటాను. ఇప్పటి వరకు పత్రికల్లో ఏడు కథలు అచ్చయ్యాయి.

కిందటి డిసెంబరులో అమెరికాలోని నాలుగు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టాను. నేను కోరుకున్నది సృజనాత్మక రచననూ వృత్తిపరమైన రచననూ కలిపి నేర్పే ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అనే పీజీ. నమూనాగా నా కథలు రెండింటిని నేనే ఇంగ్లీషులోకి మార్చుకుని ఇరవై ఐదు పేజీలు పంపాను. మూడు చోట్ల నుంచి తిరస్కారం వచ్చింది. నాలుగో చోట సీటు వచ్చింది గానీ, పాఠాలు చెప్పినందుకు ఫీజు మాఫీ చేసి భృతి ఇచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇవ్వలేదు; ఫీజులో సగం మాత్రం తగ్గిస్తామన్నారు. మిగతా సగానికీ, రెండేళ్ల అద్దెకూ తిండికీ బ్యాంకులో విద్యారుణం తీసుకోవాలి. హామీగా చూపడానికి పెందుర్తిలో నాన్నగారు కొన్న 150 గజాల స్థలం తప్ప మాకు మరొకటి లేదు. అది చెల్లెలి పెళ్లికని ఇంట్లో ఎప్పటినుంచో అనుకుంటున్న స్థలం. ఏప్రిల్ 15లోగా జవాబు ఇమ్మన్నారు.

ఉద్యోగం మానేసి, స్థలం తాకట్టు పెట్టి వెళ్తే ఆ చదువు నాకు నిజంగా ఏమి నేర్పుతుందో, తిరిగి వచ్చాక ఆ పట్టా ఇక్కడ ఎక్కడ చెల్లుతుందో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను. 'నీ మనసు చెప్పినట్టు చెయ్యి' అన్న సలహా మాత్రం ఇప్పటికే చాలామంది ఇచ్చారు.

ఎర్రపెన్సిలు (మార్చి 23, ఉదయం 6:15)

అమ్మా, నేను డాబాగార్డెన్స్ ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాడిని, కాబట్టి నా మాట మొరటుగా ఉంటే మన్నించండి. రావిశాస్త్రి గారు ఈ ఊరి కోర్టులో వాదించిన ప్లీడరు. కాళీపట్నం రామారావు గారు సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇదే ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ మద్రాసు వెళ్లి చదివింది జంతుశాస్త్రం. రాయడం వచ్చునని వీరిలో ఎవరికీ ఎవరూ పట్టా ఇవ్వలేదు. ప్లీడరీ చేయబట్టే రావిశాస్త్రి గారికి ఆ బోనులో నిలబడ్డ మనుషులు దొరికారు. మీకు పరవాడ బస్సు ఉంది, అందులో రోజూ మీ పక్కన కూర్చునే మనుషులు ఉన్నారు. వారిని వదిలి మంచులోకి వెళ్లి, అప్పు తీర్చడానికి మళ్లీ పరవాడకే రావడం ఎందుకో నాకు బోధపడలేదు.

మంచులో గాజువాక (మార్చి 23, రాత్రి 11:05)

ఎర్రపెన్సిలు గారు చెప్పినదానిలో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, కారా మాస్టారి, అదే రామారావు గారి, దగ్గరకు చేతిరాత కాగితాలు పట్టుకుని వెళ్లిన కుర్ర రచయితలు ఎందరో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆయనను కథలకు కూడా మాస్టారనే అన్నారు. పట్టా లేకపోవచ్చు గానీ బడి ఉంది. అటువంటి మాస్టారి వాకిలి తెలియనివారి కోసం విశ్వవిద్యాలయాలు ఒక గది, ఒక వేళ, దానికో ఫీజు ఏర్పాటు చేశాయి. అయోవాలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ అదే పని చేసింది, ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో ఎం.ఏ. పెట్టి అదే చేసింది.

నేను గాజువాకలో పుట్టి పెరిగి, తర్వాత అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఒకచోట మూడేళ్ల ఎంఎఫ్ఏ చేశాను. అక్కడ ఏమి జరుగుతుందో పెదవాల్తేరు గారికి ఉన్నదున్నట్టు చెబుతాను. వారానికి ఒక సాయంత్రం పన్నెండు మందిమి పొడవాటి బల్ల చుట్టూ మూడు గంటలు కూర్చునేవాళ్లం. ఎవరి కథ వంతు వచ్చిందో వారు వారం ముందే పేజీలు అందరికీ పంపాలి. మిగతా పదకొండు మందీ అంచుల్లో పెన్సిలుతో రాసి, చివర ఒక పేజీ ఉత్తరం జతచేసి తీసుకురావాలి. చర్చ జరిగినంతసేపూ కథ రాసినవారు నోరు విప్పకూడదు. ఈ నియమాన్ని కొన్నిచోట్ల ఇప్పుడు సడలించారు గానీ మా దగ్గర గట్టిగానే పాటించారు. మొదటిసారి నా కథ మీద నలభై నిమిషాలు మాట్లాడుతుంటే, 'నా ఉద్దేశం అది కాదండీ' అనడానికి వీలులేక బల్ల కింద చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. మూడో పేజీలో పాత్ర ఎందుకు ఏడ్చిందో పదకొండు మందిలో ఎనిమిది మందికి అర్థం కాలేదంటే, తప్పు ఆ ఎనిమిది మందిది కాదని ఒప్పుకోవడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది. నేను అక్కడ నేర్చుకున్నదల్లా దాదాపు అంతే, అది చిన్నదని కూడా అనను.

ఆ బల్లకు అందనిది కూడా ఒకటి ఉంది. నా రెండో కథలో భీమిలి తీరాన ఒక ముసలి జాలరి కూర్చుని ఉండగా సూర్యుడు మెల్లగా సముద్రంలో మునుగుతాడు. పదకొండు మంది చదివారు, ఎవరూ ఏమీ అనలేదు. ప్రొఫెసరు గారు ఆ వాక్యం పక్కన బాగుందని టిక్కు కూడా పెట్టారు. సెలవులకు ఇంటికి వచ్చి అమ్మకు తెలుగులో చదివి వినిపిస్తే, చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, 'మన సముద్రంలో పొద్దు పొడుస్తాది గానీ గుంకుతాదేట్రా' అంది. ఇంగ్లీషు నవలలు చదివి చదివి, నేను తూర్పు తీరం వాడినన్న సంగతే మరిచిపోయాను.

ఇక డబ్బు. నాకు అసిస్టెంట్‌షిప్ ఉండేది. మొదటి సంవత్సరం విద్యార్థులకు కాంపోజిషన్ పాఠం సెమిస్టరుకు రెండు సెక్షన్లు చెప్పి, నలభై మంది వ్యాసాలు దిద్దితే ఫీజు మాఫీ చేసి నెలకు బతకడానికి సరిపోయేంత ఇచ్చారు. అది లేకుండా నేను వెళ్లేవాడిని కాదు, మిమ్మల్నీ వెళ్లమనను. ఏప్రిల్ 15 అన్న తేదీకి ఒక కథ ఉంది. ఆర్థిక సహాయంతో సీటు ఇచ్చినప్పుడు విద్యార్థిని ఆ తేదీకన్నా ముందు జవాబు కోసం ఒత్తిడి చేయకూడదని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్లు చాలావరకు ఒక ఒప్పందం మీద ఉన్నాయి. అందువల్ల రెండు మూడు చోట్ల సీట్లు వచ్చినవారు ఆ వారంలోనే ఒకటి ఉంచుకుని మిగతావి వదులుకుంటారు. వదిలిన అసిస్టెంట్‌షిప్‌లు నిరీక్షణ జాబితాలో ఉన్నవారికి వెళ్తాయి. మీరు ఈ రాత్రే ప్రోగ్రాం డైరెక్టరుకు మర్యాదగా మెయిల్ రాసి, ఆ జాబితాలో మీ పేరు ఉందో లేదో అడగండి. అడిగినంత మాత్రాన ఇచ్చిన సీటు ఎవరూ వెనక్కి తీసుకోరు.

బీఏ మూడో ఏడు (మార్చి 24)

అక్కా, నాదీ ఇదే కోరిక. నేను గోపాలపట్నంలో ఉంటాను. అమెరికా మాట అటుంచి, మన దేశంలో ఇటువంటి కోర్సు దూరవిద్యలో ఉంటే పెద్దలెవరైనా చెప్పగలరు.

లైబ్రరీ మెట్లు (మార్చి 24)

తమ్ముడూ, ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోలో సృజనాత్మక రచనలో డిప్లొమా ఉంది. ఇంటర్ పాసైనవారు చేరవచ్చు, ప్రాంతీయ కేంద్రం మన విశాఖలోనే ఉంది. అయితే అది ఇంగ్లీషు రచనకు సంబంధించినది, పీజీ కాదు. ఢిల్లీలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం లిటరరీ ఆర్ట్ పేరుతో సృజనాత్మక రచనలో ఎం.ఏ. పెట్టింది, అదీ ఇంగ్లీషు చుట్టూ తిరిగేదే.

పెదవాల్తేరు గారి రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు గనుక నేను చెబుతాను. నేను డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠం చెబుతాను. మీరు ఎంఎఫ్ఏ చేసి వచ్చి ఇక్కడ అధ్యాపకురాలు కావాలనుకుంటే ఆ పట్టా ఒక్కటే చాలదు. జాతీయ అర్హత పరీక్ష నెట్ ద్వారా అధ్యాపక అర్హత పొందాలంటే ఆ సబ్జెక్టులో పీజీ, సాధారణంగా 55 శాతం మార్కులతో, ఉండాలి. సబ్జెక్టుల జాబితాలో తెలుగు ఉంది, దాని కోడ్ 27. ఇంగ్లీషు ఉంది, దాని కోడ్ 30. సృజనాత్మక రచన అన్న సబ్జెక్టే లేదు. విదేశీ పట్టాకు తత్సమానత పత్రం తెచ్చుకున్నా, అది దేనికి సమానమన్న ప్రశ్న ప్రతి ఇంటర్వ్యూలోనూ ఎదురవుతుంది. అమెరికాలో ఎంఎఫ్ఏను ఆ రంగంలో చివరి పట్టాగా భావిస్తారు, దానితో విశ్వవిద్యాలయంలో బోధించవచ్చు. విమానం దిగాక ఆ గౌరవం మిగలదు.

ఒక ప్రత్యామ్నాయంగా తెలుగు ఎం.ఏ. గురించి ఆలోచిస్తారేమో. మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, ప్రవేశానికి పీజీసెట్ రాయాలి. కానీ చాలా విశ్వవిద్యాలయాల్లో తెలుగు ఎం.ఏ. అంటే ప్రధానంగా ఛందస్సు, వ్యాకరణం, అలంకారశాస్త్రం, సాహిత్య చరిత్ర. అది చదవడం నేర్పే చదువు. నేను నా రెండేళ్లలో ధ్వని సిద్ధాంతం మీద ముప్ఫై పేజీలు రాశాను, కథ అంటూ ఒక్క పేజీ రాయమని ఎవరూ అడగలేదు, అడగాలని నేనూ అనుకోలేదు.

ఋషికొండ మాన్యువల్ (మార్చి 25)

అందరూ సృజనాత్మకం గురించే మాట్లాడుతున్నారు, పట్టాలోని రెండో సగమైన వృత్తిపరమైన రచనను ఎవరూ పట్టించుకోలేదు. నాకు అదే అన్నం పెడుతోంది కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ సంస్థల్లో టెక్నికల్ రైటర్‌గా ఉన్నాను. రెండూ కలిపి నేర్పే ఎంఎఫ్ఏలు తక్కువ; కనెక్టికట్ రాష్ట్రం డాన్‌బరీలోని వెస్టర్న్ కనెక్టికట్ స్టేట్ యూనివర్సిటీ ఆ రెండు మాటలనూ పట్టా పేరులోనే పెట్టుకుంది. కథతోపాటు మరో ఆచరణాత్మక రచననూ నేర్చుకుంటే కథకుడికి జీతం దొరుకుతుందన్న ఆలోచన మంచిదే. అయితే ఆ సగంలో నేర్పేది పెదవాల్తేరు గారికి చాలావరకు వచ్చేసిందని నా అనుమానం.

ఫార్మాలో ఒక మందు అనుమతికి సమర్పించే సీటీడీ దస్త్రానికి ఐదు మాడ్యూళ్లు ఉంటాయి. రెండో మాడ్యూల్‌లోని సారాంశాలు రాయగలిగినవారు ఏ ప్రొఫెసరు ముందూ తల వంచుకోనక్కరలేదు. నిర్ణీత పద్ధతికి తేడాగా జరిగినదాన్ని నమోదు చేసే డీవియేషన్ రిపోర్టు సంగతి తీసుకుందాం. కొత్తగా చేరినవారు 'నమూనా సేకరణలో జాప్యం జరిగినట్లు గమనించబడినది' అని రాస్తారు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎంత జాప్యం అన్నవి ఆ వాక్యంలో లేవు. ఆడిటరు మొదట పట్టుకునేది దాన్నే. 'రాత్రి షిఫ్టు అనలిస్టు నమూనాను 2 గంటలు ఆలస్యంగా, 4:10కి తీశారు' అని దిద్దాక గానీ ఆ కాగితం ముందుకు కదలదు. మీ రంగంలో రికార్డులు నమ్మదగినవిగా ఉండాలనే ఆల్కోవా సూత్రంలో మొదటి అక్షరం అడిగేది ఇదే, ఎవరు చేశారో తెలియాలని. దాపరికం కోసం వాక్యంలోంచి మనిషిని తీసేయడం కథల్లోనూ కనిపిస్తుంది, దాన్ని అక్కడ శైలి అంటారు.

మా రంగంలో మాత్రం నేర్చుకోవలసిన పరికరాలు వేరే ఉన్నాయి. డీటా అనే ఎక్స్ఎంఎల్ పద్ధతిలో ప్రతి అంశాన్నీ ప్రధానంగా భావన, పని, సంప్రదింపు సమాచారం అని మూడు రకాలుగా విడదీసి రాస్తాం. దానికి మూడు నెలల ఆన్‌లైన్ శిక్షణ చాలు, స్థలం తాకట్టు అక్కరలేదు. నేను ఒకప్పుడు సెలవు పెట్టి డబ్బు కట్టి ఒక పీజీ డిప్లొమా తెచ్చుకుంటే, అప్పటి మేనేజరు సర్టిఫికెట్ జిరాక్సు తీసుకుని ఫైల్లో పెట్టి, 'అభినందనలు' అన్నాడు. ఇంక్రిమెంటు మాట ఎత్తలేదు.

అప్పుల విభాగం (మార్చి 25)

బ్యాంకులో పని చేస్తాను, క్లుప్తంగా చెబుతాను. చదువు పూర్తయ్యాక ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అక్కడ పని చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి 12 నెలలకు ఇస్తారు. ఇంజనీరింగు, సైన్సు పట్టాలకు అదనంగా వచ్చే 24 నెలలు రచన పట్టాకు రావు. మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు పక్కింటి అబ్బాయి ఎంఎస్ లెక్క చూసి ఇదీ అలాగే తీరుతుందనుకుంటారు. మీ నాన్నగారు సంతకం పెట్టే ముందు ఈ తేడా ఆయనకు చెప్పండి.

పెదవాల్తేరు (మార్చి 27, రాత్రి 10:20)

అందరికీ కృతజ్ఞతలు. డైరెక్టరు గారికి మెయిల్ రాశాను. నిరీక్షణ జాబితాలో నా పేరు మూడోదని జవాబు వచ్చింది.

ఋషికొండ గారు, మీ మాటకు నవ్వుకున్నాను. ఆ 'గమనించబడినది' వాక్యాన్ని ఉద్యోగంలో మొదటి ఏడాది నేను కనీసం వందసార్లు రాసి ఉంటాను.

నన్ను అసలు బాధిస్తున్నది ఇంకొకటి ఉందని మీ సమాధానాలు చదివాక తెలిసింది. నమూనా కోసం నా కథను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ఒక వాక్యం దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. పొరుగింటి ఆవిడ గోడ మీంచి, 'ఓలప్పా, గుంట బువ్వ తినీసినాదేటి?' అని అడుగుతుంది. ఇంగ్లీషులో 'అక్కా, పిల్ల అన్నం తిన్నదా' అన్నంత మాత్రమే మిగిలింది. ఆ 'ఓలప్పా'లో ఉన్న చనువు పోయింది. గుంట అన్న మాట మా వైపు ఆడపిల్లను ముద్దుగా అనేది. విజయవాడ పత్రిక వారే దాన్ని గొయ్యి అనుకుంటారేమోనని కింద అర్థం రాయమన్నారు, ఇక అమెరికా వారి మాట ఏం చెప్పను. అక్కడ రెండేళ్లూ ఇంగ్లీషులో రాస్తే నా చేతిలో ఈ మాట ఉంటుందా అన్నది నా భయం. ఇక్కడే ఉంటే, కథ పూర్తి చేసి పంపితే పత్రిక నుంచి 'ప్రచురిస్తాం' అనో మౌనమో తప్ప, మూడో పేజీ ఎందుకు బాగాలేదో చెప్పేవారు ఎవరూ లేరన్నది రెండో భయం.

మంచులో గాజువాక (మార్చి 28)

మీ మొదటి భయం నిజమే, నా విషయంలో జరిగింది కూడా. మా వర్క్‌షాపులో ప్రతి తెలుగు మాటకూ వివరణ అడిగారు. మొదటి ఏడాది అడిగిన ప్రతిచోటా ఇచ్చాను. కథ పర్యాటక కరపత్రంలా తయారైంది. రెండో ఏడాది ఇవ్వడం మానేశాను; వాళ్లు అలవాటు పడ్డారు. అయితే మూడేళ్లూ తెలుగులో ఒక్క పేజీ రాయలేదు. ఇప్పుడు రాస్తుంటే వాక్యం చివర క్రియను వెతుక్కుంటున్నాను.

అనువాదం వైపు చూడమని కూడా ఒక సూచన. అయోవాలో సాహిత్య అనువాదానికి విడిగా ఎంఎఫ్ఏ ఉంది. అక్కడ మీ తెలుగు ముడిసరుకు అవుతుంది, దాన్ని దాచుకోవలసిన పని ఉండదు. ఇంట్లోనే ఉండి చదివే పద్ధతి కూడా ఉంది గానీ ఏడాదికి ఒకటి రెండుసార్లు పది రోజులపాటు అక్కడికి వెళ్లాలి. హాంకాంగ్ సిటీ యూనివర్సిటీ ఆసియా రచయితల కోసం 2010లో అటువంటిది మొదలుపెట్టినప్పుడు నేను చాలా ఆశపడ్డాను. 2015లో దాన్ని మూసివేస్తున్నట్టు ప్రకటించారు.

ఎర్రపెన్సిలు (మార్చి 28)

రెండో భయానికి ఎంఎఫ్ఏ ఎందుకమ్మా? బల్ల, పన్నెండు కుర్చీలు, వారం ముందు పేజీలు, నోరు మూసుకోవడం. ఇందులో ఏది ద్వారకానగర్‌లో దొరకదో చెప్పండి. నోరు మూసుకోవడం ఒక్కటే మనవాళ్లకు కష్టం.

లైబ్రరీ మెట్లు (మార్చి 29)

ఎర్రపెన్సిలు గారు ఎగతాళికి అన్నా నేను నిజంగానే తీసుకుంటున్నాను. మన ఊళ్లో సాహిత్య సభలకు కొదవ లేదు, కానీ సభలో శాలువా కప్పుతారు, కథను విప్పి చూడరు. నెలకు రెండు ఆదివారాలు పబ్లిక్ లైబ్రరీ దగ్గర కలుద్దాం. ఎనిమిది మందికి మించవద్దు. పేజీలు బుధవారం లోపు పంపనివారి కథ ఆ ఆదివారం చర్చకు రాదు. చదివి రానివారు టీ మాత్రం తాగి వెళ్లిపోవచ్చు. గాజువాక గారు ఫోనులో రావచ్చు, ఆయన వేళ ఎలాగూ మన వేళకు తలకిందులే.

పెదవాల్తేరు (ఏప్రిల్ 16, ఉదయం 5:30)

నిన్న రాత్రి వరకు ఎదురుచూశాను. నా కన్నా ముందున్న ఇద్దరిలో ఒకరికి అసిస్టెంట్‌షిప్ వచ్చింది, నాకు రాలేదు. సీటు వద్దని రాసేశాను. రాసిన తర్వాత గంటసేపు మేడ మీద కూర్చున్నాను. ఇంట్లోవారికి సంతోషం కలిగింది గానీ నా ముందు ఎవరూ దాన్ని చూపించలేదు. డిసెంబరులో అనువాదం కోర్సుకు, పూర్తి సహాయం ఇచ్చే చోట్లకు మాత్రమే మళ్లీ దరఖాస్తు పెడతాను. దానికి నమూనా కావాలి కాబట్టి ముందు కథ తెలుగులో సరిగ్గా నిలబడాలి. గోడ మీది పొరుగావిడ కథను తిరగరాసి, పదకొండు పేజీలు నిన్న బుధవారమే అందరికీ పంపాను.

ఎర్రపెన్సిలు (ఏప్రిల్ 17)

పేజీలు అందాయి. ఆదివారం మాట్లాడవలసినవి ఆదివారం మాట్లాడతాను, అంతవరకు ఆగలేనివి రెండు ఉన్నాయి. రెండో పేజీలో గుంట అన్న మాటకు కింద చుక్క పెట్టి అర్థం రాశారు, అది కొట్టేశాను. ఆరో పేజీలో ఆ ఆవిడ గోడ దగ్గరకు ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు, మీ ఉద్దేశం ఏమిటో ఇక్కడ చెప్పవద్దు.